తిరిపెమున కిద్దరాండ్రా: ఆ 'కి' మనిషికా, డబ్బుకా?

పటమట పిల్ల:
వారం నుంచి ఒక పాదం బుర్రలోంచి పోవడం లేదు, కాస్త తీర్చండి. పోయిన ఆదివారం అమ్మా నేనూ గన్నవరం నుంచి బెంగళూరు వెళ్లాం. సీట్లకి విడిగా డబ్బు కట్టలేదు కాబట్టి అమ్మది తొమ్మిదో వరస, నాది ఇరవై మూడు. రెండూ మధ్య సీట్లే. నా పక్కన కిటికీ దగ్గర పంచె కట్టుకున్న ఒక పెద్దాయన. మాత్ర వేసుకోవాలి, మంచినీళ్లు కావాలన్నారు. విమానంలో వడ్డించే అమ్మాయి సీసా ధర చెప్పింది. ఆయన సీసా వంక చూశారు, నా వంక చూశారు, కళ్లు మూసుకుని "తిరిపెమున కిద్దరాండ్రా" అని రాగం తీశారు. పద్యం అందరికీ వచ్చిందే, మొత్తం పెట్టక్కర్లేదు. కవిసార్వభౌముడు శ్రీనాథుడి చాటువు (సందర్భానికి చెప్పిన విడి పద్యం), పల్నాడులో తాగడానికి నీళ్లు దొరక్క శివుణ్ణి ఎత్తిపొడిచాడంటారు: సిరిగల కృష్ణుడికి పదహారువేలమందిని పెళ్లాడినా చెల్లుతుంది, తిరిపెమునకు ఇద్దరు పెళ్లాలా, గంగ విడుము, పార్వతి చాలు అని. నా గొడవ ఒక్క అక్షరం. మా తాతయ్య "తిరిపెమునకు నిద్దరాండ్రా" అనేవారు. ఏది సరి? ఇంకోటి కూడా. తిరిపెం అంటే భిక్ష కదా, భిక్షకి ఇద్దరు పెళ్లాలేమిటి?

గణపాఠి:
మీ తాతగారి మీద గౌరవంతోనే చెబుతున్నా, అది ఈ కందపద్యంలో పట్టదు, కందంలో ప్రతి గణానికీ నాలుగు మాత్రలే. 'తిరిపెము' నలం అనే గణం, 'నకునిద్' సగణం, ఆ తర్వాత 'దరాండ్రా' అని యగణం మిగులుతుంది. ఐదు మాత్రలు! 'తిరిపెము-నకిద్ద-రాండ్రా' అనుకోండి, నలం, జగణం, గగం. కందంలో జగణం బేసి స్థానంలో రాకూడదు, ఇక్కడ సరి స్థానంలో పడింది, హాయి. వ్యాకరణం అంటారా, 'కు' లాంటి విభక్తుల మీద సంధి చేసినా మానినా సరే అనే ప్రథమేతర విభక్తి సూత్రం రెండు రూపాలకీ ఒప్పుకుంటుంది, ఛందస్సే ఒప్పుకోదు. పనిలో పని, రెండో పాదంలో 'పదారువేల' అని పాడేవాళ్లు కూడా మానుకోవాలి. 'పదియారు' అనకపోతే బేసి గణంలో జగణం.

తెనాలి తుంటరి:
నాకు చిన్నప్పుడు 'ఇద్దరాంధ్రా' అనే వినపడేది. 2014 తర్వాత కవి ముందుచూపుకి దణ్ణం పెట్టుకున్నాను.

బ్రాడీపేట మాస్టారు:
తుంటరీ, నీకు మార్కులు లేవు. అమ్మాయ్, నీ రెండో ప్రశ్న మంచిది. తిరిపెము భిక్షే, అడుక్కునేవాడు తిరిపెగాడు. ఇక్కడ భిక్ష పేరుతో భిక్షువునే అన్నాడు, లక్షణార్థం. మొదటి పాదం చూడు: 'సిరిగలవానికి'. అక్కడ 'కి' మనిషికి, కాబట్టి ఇక్కడా మనిషికే. సిరిగల కృష్ణుడు ఒకవైపు, తిరిపెపు శివుడు ఒకవైపు. తూకం సరిపోయింది. ఇందులో చర్చకేముంది?

అరండల్‌పేట ఆడిటర్:
పద్యం సంగతి మీరు చూసుకోండి, నీళ్ల సంగతి నేను చెబుతా. 1987లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి రాబర్ట్ క్రాండల్ సలాడ్‌లో ఒక్క ఆలివ్ కాయ తీయించేసి ఏడాదికి 40 వేల డాలర్లు మిగిల్చాడని మా క్లాసుల్లో పాఠంలా చెప్పేవారు. ఒక్క కాయ! బరువు మోసిన కొద్దీ ఇంధనం, ఆ ఇంధనానికి ఇప్పటికీ జీఎస్టీ లేదు, రాష్ట్రాల వ్యాటే. వడ్డన తగ్గితే చెత్త తగ్గుతుంది, విమానం అరగంటలో మళ్లీ లేస్తుంది. వెనక్కి వాలని సీట్లూ, సంచీ లేని సీటు వీపులూ అన్నీ ఆ లెక్కలోవే. 2003లో చౌక టికెట్ల ఎయిర్ దక్కన్ రాకముందు ఈ గుంపులో ఎంతమంది విమానం ఎక్కారో గుండె మీద చెయ్యేసుకోండి. మూడు వేల టికెట్టుకి మంచినీళ్లు కూడానా అని ఈ చౌక విమానాల వాళ్ల వాదన. అందులో న్యాయం లేకపోలేదు.

మొగల్రాజపురం మేనత్త:
ఆడిటర్ గారూ, మీరు నీళ్లు అమ్మబోయి పద్యం విప్పారు! 'మూడు వేల టికెట్టుకి మంచినీళ్లు కూడానా' అన్నారే, ఆ 'కి' ఎవరికి? మనిషికి కాదు, ధరకి. 'ఆ జీతానికి కారొకటా' అంటాం. 'ఆ మార్కులకి డాక్టరు సీటా' అంటాం. అలాగే 'తిరిపెమునకు ఇద్దరాండ్రా': ఆ బిచ్చపు రాబడికి ఇద్దరు పెళ్లాలా నాయనా అని. లక్షణార్థాలు, అలంకారాలు ఏవీ అక్కర్లేదు, మా వంటింట్లో రోజూ వినపడే తెలుగే.

బ్రాడీపేట మాస్టారు:
చమత్కారంగా ఉందమ్మా, కానీ మొదటి పాదాన్ని ఏం చేస్తావు? 'సిరికి చెల్లును' అనలేదు కదా, 'సిరిగలవానికి' అన్నాడు. కవిసార్వభౌముడు ఒక పాదంలో మనిషినీ ఇంకో పాదంలో పైసలనీ పెడతాడా?

మొగల్రాజపురం మేనత్త:
అదే ఎత్తిపొడుపు మాస్టారూ! డబ్బున్నవాడు మనిషిగా కనపడతాడు, లేనివాడు రాబడిగా కనపడతాడు.

గణపాఠి:
అబ్బ. (ఒప్పుకోవడం లేదు, అబ్బ అంటున్నానంతే.)

కారెంపూడి కుర్రాడు:
ప్రతిసారీ ఈ పద్యం రాగానే పల్నాడంటే నీళ్లు లేని ఊరని అందరూ నవ్వుకోవడం, మేం తలొంచుకోవడం. మా ఊళ్ల మీద ఇంకో పద్యంలో శ్రీనాథుడే 'నాగులేటి నీళ్లు నాపరాళ్లు' అన్నాడు కదా, అంటే మా నాగులేటి నీళ్లు తాగే రాశాడు! తాగిన నీళ్లకి డబ్బులు కట్టాడా? లేదు. ఒక్క పైసా అడగకుండా పోసినవాళ్ల మీద ఆటవెలది పారేసి వెళ్లాడు. 1967లో సాగర్ కుడి కాలువకి నీళ్లొచ్చాక ఒకసారి మా వైపు రమ్మనండి. ఇంకోటి, ఆ ఆటవెలది చివరి పాదం 'పల్లెనాటి సీమ'. 'పలనాటి' అని అచ్చేసిన పుస్తకం ఒకటి మా ఇంట్లో ఉంది, గణాలు గల్లంతు.

తెనాలి తుంటరి:
కాలువ అన్నావు కాబట్టి నా సిద్ధాంతం వినండి. 'గంగ విడుము' అంటే గంగని వదిలేసెయ్, విడాకులిచ్చెయ్ అని అందరూ చెబుతారు. కాదు. సాగర్‌లోంచి నీళ్లు విడిచారు అంటామే, ఆ విడవడం. గేట్లెత్తు స్వామీ అంటున్నాడు. దాహంతో ఉన్నవాడికి పెళ్లాల లెక్క ఎందుకు?

బ్రాడీపేట మాస్టారు:
రెండర్థాలూ ఉండబట్టే అది చాటువైంది, లేకపోతే అర్జీ అయ్యేది. ఇది నీ సిద్ధాంతం కాదు, మేం స్కూల్లో ఉండగానే విన్నాం. కుర్రాడా, కోపం వద్దు. శ్రీనాథుడికి పల్నాడంటే చిరాకు ఉందనుకో, అది ప్రయాణికుడి చిరాకు. ఊరి మీద కాదు, తనకి జరగని మర్యాద మీద. కనకాభిషేకం చేయించుకున్న ఒంటికి సజ్జకూడు, జొన్నకూడు. 'కుసుమాస్త్రుండైన జొన్నకూడె కుడుచున్' అన్నాడు కదా, మన్మథుడొచ్చినా మెనూ మారదు. ఇవాళ విమానంలో మనందరిదీ అదే భోగం. పాపం, ఆ మహానుభావుడి చివరి రోజులు తలుచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లె గుత్తకి తీసుకుని, పంట ఏటిపాలై, శిస్తు కట్టలేక 'ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు' అని ఏడ్చాడు. నలభై ఏళ్లు పాఠం చెప్పాను, ఆ సీసం దగ్గర ఏ ఏడూ గొంతు సరిగా రాలేదు.

మొగల్రాజపురం మేనత్త:
ఆ పాదం నేను పోయిన నెల గన్నవరం కౌంటర్ దగ్గర అనుకున్నాను మాస్టారూ. మా అబ్బాయికి గోంగూర పచ్చడి, కారప్పొడి, కందిపొడి. పదిహేను కిలోలకి పదిహేడున్నర తూగింది. వెనక క్యూ, ముందు ఆ పిల్ల నవ్వు మొహం. పెట్టె నేల మీద పరిచి, చీరలు చేతిసంచీలోకి, చేతిసంచీకి ఏడు కిలోల గీత, శాలువా ఒంటి మీదకి. మే నెలలో శాలువా! డబ్బు కంటే, పదిమంది ముందు నా లోపలి బట్టలు సర్దుకోవాల్సి రావడం ఎక్కువ బాధ. ఏ కంపెనీయో చెప్పను, చెప్పినా తేడా లేదు.

గణపాఠి:
సానుభూతి ఉంది. 'టంకంబు లేడు' అని విడదీసి టైపు చేస్తే మాత్రం కొత్తవాళ్లు 'లేడు' అని చదువుకుంటారు. యతి చూడండి, పాదం మొదట్లో 'ఎ', మధ్యలో దానికి జత 'ఏ'. టంకంబులు + ఏడు.

బ్రాడీపేట మాస్టారు:
యతి నాకే చెబుతున్నావా!

అరండల్‌పేట ఆడిటర్:
ఒక సవరణ. నాకు తెలిసినంతలో అడిగితే పేపర్ కప్పులో మంచినీళ్లు ఊరికే ఇస్తారు. అమ్మేది సీసా. ఆ పెద్దాయన కప్పు అడిగి ఉండాల్సింది.

మొగల్రాజపురం మేనత్త:
'ఊరికే', 'అడిగితే'. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి తెలుగులో ఒక్క మాటగా చెప్పండి ఆడిటర్ గారూ. తిరిపెము! మా ఇంటికి మీటరు చూడ్డానికొచ్చినవాడికి కూడా అడక్కుండానే గ్లాసుతో ఇస్తాం. వాళ్లు నీళ్లు లేవనలేదు, చెయ్యి చాపమన్నారు. ఆయనకి ఆ పద్యమే ఎందుకు గుర్తొచ్చిందో నాకు ఇప్పుడు తెలిసింది.

అరండల్‌పేట ఆడిటర్:
అంటే టికెట్టు మీద ఇంకో వంద వేసి అందరికీ సీసా ఇస్తే మర్యాదా? అప్పుడు రేటు చూసి మీరే వేరే కంపెనీలో బుక్ చేస్తారు. నేనూ చేస్తాను. మనందరం 'తక్కువ ధర ముందు' అని నొక్కి చూసుకునేవాళ్లమే కదా.

కారెంపూడి కుర్రాడు:
నేను రైల్లోనే వెళ్తాను. మా అమ్మమ్మ కట్టిన పులిహోర పొట్లం తూకం వేసేవాడు అక్కడ లేడు.

గణపాఠి:
అసలు విషయానికొద్దాం. తిరిపెము = భిక్షువు అనే లక్షణార్థానికి ఇంకో కవి ప్రయోగం చూపిస్తే మాస్టారి పక్షం గెలుస్తుంది. రాబడి అర్థంలో 'కు' కావ్యాల్లో చూపిస్తే అత్తయ్యగారి పక్షం. రాత్రికి వెతుకుతాను.

పటమట పిల్ల:
నేను అడిగింది ఒకటి, మీరు శ్రీనాథుడికి శిస్తు కట్టించే దాకా వెళ్లారు. ఒక ముక్క చెప్పడం మర్చిపోయాను. ఆ పెద్దాయన చివరికి కప్పే అడిగారు. ఆ అమ్మాయి తెచ్చిచ్చింది, పాపం నవ్వుతూనే ఇచ్చింది, రెండోసారి నింపింది కూడా. ఆయన మాత్ర వేసుకుని, డబ్బు కట్టి కాళ్లు చాపుకున్న ముందు వరసల వైపు తల ఎత్తి చూసి, ఈసారి మొదటి పాదం అందుకున్నారు. సిరిగలవానికి చెల్లును అని.

గణపాఠి:
చెల్లును అన్నారా, జెల్లును అన్నారా? 'వానికిన్' చివర ద్రుతం, అంటే ఆ 'న్' ఉంది, దాని తర్వాత 'చ' 'జ' అవుతుంది. గుర్తు తెచ్చుకుని చెప్పండి, ఇది ముఖ్యం.