6.2.11 అని ఉంటే 1911 నాటి బొమ్మేనా?

రేడియేటర్ మూత:
అందరికీ నమస్కారం. మేం భివండీలో ఉంటాం. మొన్న ముంబై చోర్ బజార్‌లో రోల్స్ రాయిస్ బొమ్మ ఒకటి కనిపించింది. అదే, బానెట్ ముందు ఒంగి నిలబడి, బట్టలు రెక్కల్లా ఎగిరే ఆవిడ. పీఠం మీద దాన్ని మలిచిన శిల్పి చార్లెస్ సైక్స్ పేరు, 6.2.11 అని తేదీ ఉన్నాయి. "1911 సరుకు, ఏదో సంస్థానం బండిది" అన్నాడు కొట్టతను. 35,000 చెప్పి 22,000కి దిగాడు. చౌమహల్లాలో నిజాం పసుపు రోల్స్ రాయిస్ చూసినప్పటి నుంచి ఈ పిచ్చి నాకు. ఆగలేక 2,000 అడ్వాన్సు ఇచ్చేశా. ఆదివారం మళ్ళీ వెళ్తున్నా, ఏం చూడాలి?

నికెల్ తొట్టి:
తమ్ముడూ, ముందు ఆ తేదీని మర్చిపో. అది ఆ డిజైన్ తేదీ, నీ బొమ్మ పోసిన తేదీ కాదు. 1951 దాకా తయారైన వాటి మీద కూడా అదే వేశారు. నకలు చేసేవాడు ఎలాగూ వేస్తాడు.

మెరుపు ఎలా ఉందో రాయలేదు. తొలినాటి వాటికి వెండి పూత. కార్లకి క్రోమ్ వచ్చిందే 1920ల రెండో సగంలో. నీలి ఛాయలో అద్దంలా మెరుస్తుంటే అది 1911 నాటి పూత కాదు. అంతమాత్రాన నకలనీ అనలేం, మధ్యలో ఎవరైనా మళ్ళీ పూత వేయించి ఉండొచ్చు. సనత్‌నగర్‌లో 27 ఏళ్ళు నేను చేసింది ఆ పనే.

అసలు చూడాల్సింది మడతలు. మెరుగు పెట్టే బఫింగ్ చక్రం మీద పెడితే ముక్కు, మోకాలు, రెక్కల అంచులు అరుగుతాయి, లోతుల్లోకి చక్రం పోదు. కాబట్టి ఎంత అరిగిన అసలైనా బట్ట మడతల్లో గీత పదునుగానే ఉంటుంది. అసలు బొమ్మ మీద అచ్చు తీసి పోసిన దాంట్లో ఎత్తులూ పల్లాలూ అన్నీ ఒకేలా మొద్దుబారతాయి. అక్షరాలు వాడిన సబ్బు మీద పేరులా ఉంటాయి. చేత్తో తడిమినా తెలుస్తుంది.

ఇంకోటి, కరిగిన ఇత్తడి చల్లారేటప్పుడు నూటికి ఒకటిన్నర వంతు కుదించుకుంటుంది. 150 మిల్లీమీటర్ల బొమ్మకి అచ్చు తీసి పోస్తే 2 మిల్లీమీటర్లు తగ్గుతుంది. కొలిచే కాలిపర్ తీసుకుపో. అయితే ఈ బొమ్మలు రకరకాల ఎత్తుల్లో వచ్చాయి, అదే మోడల్ కారు మీది నమ్మకమైన బొమ్మ కొలత దొరికితేనే పోల్చు.

డెట్రాయిట్ చలి:
మా వైపు 1950ల అమెరికా కార్ల బొమ్మలు ఎక్కువగా జింకు పోతలు. క్రోమ్‌లో సూదిమొనంత సందు దొరికినా లోపల జింకు తినేసి పైకి పొక్కులు లేస్తాయి. పొక్కులున్నది చూసి జనం మొహం తిప్పుకుంటారు, నాకైతే అదే ధైర్యం. పైనంతా తళతళలాడితే తిరగేసి చూస్తా. అడుగున పాత పోత గరుకు ఉందా, నిన్న మొన్న ఫైలు పెట్టిన గీతలున్నాయా అని.

నికెల్ తొట్టి:
అడుగంటే గుర్తొచ్చింది. జేబులో ఎమ్6, ఎమ్8 నట్లు, అంటే మిల్లీమీటర్ల కొలతవి (మెట్రిక్), వేసుకెళ్ళు తమ్ముడూ. ఆ కాలం ఇంగ్లండు బండ్లవి ఎక్కువగా అంగుళాల మరలు. బొమ్మ కింద బిగించే మరల కడ్డీకి, అదే స్టడ్‌కి, మెట్రిక్ నట్టు సాఫీగా ఎక్కితే ఆ స్టడ్ అప్పటిదేనా అని అనుమానించాలి. స్టడ్ ఒక్కటే మార్చారంటాడు, అప్పుడు మడతలు చూపించి అడుగు.

రేడియేటర్ మూత:
వెళ్ళొచ్చా అన్నా. ఎమ్6 చేత్తో తిప్పితేనే చివరిదాకా ఎక్కింది. మీరన్నట్టే "స్టడ్ మార్చాం" అన్నాడు. సైక్స్ పేరులో చివరి అక్షరం గోటికి కూడా తగల్లేదు, మడతలు నున్నగా ఉన్నాయి. డబ్బు వెనక్కి ఇవ్వడట, బదులుగా ఏదైనా తీసుకోమంటున్నాడు. రెక్కల గుర్రం ఒకటుంది, 1930ల నాటిదంటున్నాడు.

నికెల్ తొట్టి:
నట్లు ఇంకా జేబులోనే ఉన్నాయా?