మైకా షెడ్డులో పనిచేసిన మా జేజి కథ రాయాలి, యాడ మొదలుపెట్టేది?

గూడూరు మనవడు:
అందరికీ నమస్కారం. మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, పోయినేడు కాలం చేసింది. పుట్టింది కందుకూరు పక్క పల్లెలో. పెళ్ళయి గూడూరు వచ్చినాక ముసలిదయ్యేదాకా మైకా (అభ్రకం) షెడ్డులో రేకులు చీల్చింది. ఆమె మీద చిన్న పుస్తకం వేయాలనుకుంటుండా. అమ్ముకోవడానికి కాదు, మా వాళ్ళలో ఇంటికొకటి ఉంటే చాలు.

ఇబ్బంది ఏందంటే ఆమె పేరు మీద రేషన్ కార్డు, ఆధార్ తప్ప కాగితమే లేదు. ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1. ఆమె మాత్రం "గాలివాన ఏడు పుట్టినా" అనేది. మా పెదనాయన "ఆమె పల్లిపాడులో గాంధీని చూసింది, ముందు అది రాయి" అంటాడు. చిన్నాయన "ఆమేమన్నా ప్రకాశం పంతులా, పొట్టి శ్రీరాములా?" అని నవ్వుతాడు. పాత రికార్డులు నెల్లూరులో అడగాలా, ఒంగోలులోనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కందుకూరు మాష్టారు:
అబ్బాయ్, ముందు మీ చిన్నాయన సంగతి. ప్రకాశం గారు తన కథ తానే రాసుకున్నారు, దిగుల్లేదు. పొణకా కనకమ్మ గారిని చూడు. 1923లో నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం పెట్టిన మనిషి, 1963లో పోయారు. ఆమె రాసిపెట్టుకున్న ఆత్మకథ పుస్తకంగా వచ్చింది 2011లో! అంత పేరున్నామెకే అన్నేళ్ళు పట్టింది. ఇక మీ జేజి కోసం పైనుంచి ఎవరో దిగొచ్చి రాస్తారా?

ఒంగోలా, నెల్లూరా అనేది నేను రోజూ వినే ప్రశ్నే. మా కందుకూరు తాలూకా మద్రాసు రాష్ట్రం నాటినుంచీ నెల్లూరు జిల్లా. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా పెట్టినప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి అందులోకి పోయాయి. 1972లో దానికి ప్రకాశం పేరొచ్చింది. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ మమ్మల్ని నెల్లూరుకిచ్చారు. మీ జేజి పల్లె అంగుళం కదల్లేదు, జిల్లా మాత్రం అటూ ఇటూ అయింది. కాబట్టి 1970కి ముందువి నెల్లూరు జిల్లా పేరుతోనే ఉంటాయి. ఊళ్ళో పుట్టుక, చావుల రిజిస్టరు గ్రామాధికారుల దగ్గరుండేది. 1984లో కరణాలనూ మునసబులనూ తీసేశాక ఆ దస్త్రాలు తాలూకా ఆఫీసుల పాలయ్యాయి. చెదలకు పోయినవి పోగా మిగిలినవే. కందుకూరు తహసీల్దారు ఆఫీసులో కాలు పెట్టు, ఆశ మాత్రం పెట్టుకోకు.

ఇప్పుడు గాలివాన. 1927 నవంబరులో నెల్లూరును పెద్ద తుఫాను కొట్టింది. తెలుగేడు ప్రభవ. ఇంట్లో పెద్దవాళ్ళెవరి నోటైనా "ప్రభవలో పుట్టింది" అనే మాట వస్తుందేమో విను. వాళ్ళు అంకెలు మరిచిపోతారుగానీ ఏడు పేరు మరవరు. ధాత కరువంటే ఇప్పటికీ గుర్తుపట్టే ఇళ్ళున్నాయి, అది 1876 మాట.

అదే గాలివాన అయితే మీ పెదనాయన గాంధీ చిక్కులో పడ్డట్టే. పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని గాంధీజీ తెరిచింది 1921 ఏప్రిల్ 7న. అప్పటికి మీ జేజి పుట్టలేదు. అట్లాగని కొట్టేయకు. 1933 డిసెంబరులో హరిజన యాత్రకు ఆంధ్రదేశమంతా తిరిగాడాయన, 1946 జనవరిలో మద్రాసుకు వచ్చాడు. గాంధీ రచనల సంపుటాల్లో ఏ రోజు ఏ ఊళ్ళో ఉన్నాడో పట్టిక ఉంటుంది, దానితో సరిచూడు. జిల్లాలో సగం ఇళ్ళల్లో గాంధీని చూసిన ముసలమ్మ ఒకతె ఉంటుంది. కొందరు నిజంగానే చూశారు. కొందరిది వాళ్ళమ్మ చూసిన గాంధీ. ఏ సంగతీ తేలకపోతే "పెదనాయన ఇట్లా చెబుతాడు, తేదీలు కుదరడం లేదు" అని అట్లాగే రాయి.

నాకు ఆశ పుట్టించేది మైకా. 1927 లెక్కన రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1942 నాటికి ఆమెకు పధ్నాలుగు, పదిహేనేళ్ళు. విమానాలకూ రేడియోలకూ అభ్రకం కావాల్సి వచ్చి ఆ ఏడే ఇంగ్లండు, అమెరికా కలిసి మన దేశంలో మైకా కొనడానికి ఒక మిషనే పెట్టాయి. ఆ రోజుల్లో గూడూరు చుట్టూ చేతికి పని దొరికింది. 1946లో మైకా గనుల కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది, ఎగుమతి మీద సుంకం వేసి ఆ డబ్బుతో ఆసుపత్రులూ బడులూ నడిపారు. కూలి పుస్తకంలో ఆమె పేరు దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. ఆమె పక్కన కూర్చుని చీల్చిన వాళ్ళు ఒకరిద్దరు ఇంకా ఉంటారు. వాళ్ళ దగ్గరికి ఈ నెల్లోనే పో. కాగితం ఆగుతుందిగానీ మనుషులు ఆగరు.

ఒంగోలు నుంచి ఒక అక్క:
మాష్టారు చెప్పింది బాగుంది, ఒక్క మాట కలుపుతా. ముసలమ్మల్ని ఫోను ముందు పెట్టి "చెప్పవ్వా" అంటే "ఏముందిరా చెప్పేదానికి" అంటారు. మా అమ్మమ్మ కథ నాకు చింతపండు పిక్క తీస్తున్నప్పుడు వచ్చింది. పాత మైకా రేకు ఒకటి చేతిలో పెట్టి ఎట్లా చీల్చేవాళ్ళో చూపించమను. చేతులు కదిలితే కూలి ఎంతో, మేస్త్రీ ఎట్లాంటోడో, పసిబిడ్డను యాడ పడుకోబెట్టేవాళ్ళో అన్నీ వస్తాయి. ఇంకోటి, పుట్టింటి ఇంటిపేరు కూడా పట్టుకుని వెతుకు. పెళ్ళికి ముందటి ఆడమనిషి అత్తింటి పేరుతో దొరకదు.

మీ వాళ్ళలో చర్చి సంఘానికి పోయినవాళ్ళుంటే బాప్తిస్మం రిజిస్టర్లు అడుగు. మా వైపు మిషన్ చాలా పాతది. కరువు కాలంలో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు, 1878 జులైలో ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మాలయ్యాయి. సర్కారు లెక్కలో ఊరూ పేరూ లేని మనుషులకు మా సంఘం పుస్తకాల్లో పేర్లున్నాయి.

నెల్లూరు కుర్రోడు:
ఇంత తిప్పలెందుకు బ్రో? తెలిసింది కొంత, ఊహ కొంత. షెడ్డులో నలుగురు ఆడోళ్ళ మాటలు మంచి యాసలో రాసెయ్. చదివేవాళ్ళకి తేదీలు కావాలా, కథ కావాలా?

కందుకూరు మాష్టారు:
కథ కావాలంటే కథ అని అట్ట మీద వెయ్ నాయనా, నేనే ముందు కొంటా. జీవితచరిత్ర అని వేసి ఆమె అనని మాట ఆమె నోట్లో పెడితే రేపు ఆమె మునిమనవరాలు అదే నిజమనుకుంటుంది. యాస కావాలంటే జేజి నిజంగా అన్న మాటలు ఇంట్లో పది మంది దగ్గర దొరుకుతాయి. మా ఊరి హార్మోనిస్టు గురించి రాసినప్పుడు ఆయన తిట్లు ఏరుకోవడానికే ఎక్కువ తిరిగా. ఆ పుస్తకంలో అందరూ చదివేదీ ఆ పేజీలే.

గూడూరు మనవడు:
మాష్టారూ, అక్కా, దండాలు. షెడ్డులో ఆమెతో పనిచేసినామె ఒకరు సైదాపురంలో ఉండారు, కలిసొచ్చినా. రేకు చేతిలో పెట్టంగానే అక్క చెప్పినట్టే అయింది. అయితే కొత్త చిక్కు. జేజికి మా జేజినాయన మొదటి మొగుడు కాదంట, అది మారుమనువంట. మా నాయనకి తెలుసో లేదో నాకు తెలీదు. ఇది రాయొచ్చా?

కందుకూరు మాష్టారు:
మీ జేజి ఎవరికైనా తన నోటితో చెప్పిందా, లేక దాచిందా, అది కనుక్కో. సైదాపురం ఆమెకు చెప్పిందంటే పూర్తిగా దాచినట్టు కాదు. ముందు మీ మేనత్త ఉంటే ఆమెనడుగు, ఒంటరిగా. ఆ తర్వాత మీ నాయనతో కూర్చో. ఆయన ఒద్దంటే ఈసారికి ఆపెయ్. విన్నది మాత్రం తేదీ వేసి, ఎవరు చెప్పారో రాసి నోటుబుక్కులో ఉంచు. ఆ మొదటి పెళ్ళి ఏ ఊళ్ళో జరిగిందో సైదాపురం ఆమెనడిగావా?