నల్లగొండ దిక్కు ఆడపిల్లలకు రేడియోల సైన్స్ ప్రోగ్రాం: సలహాలు కావాలె

కృష్ణపట్టె_ఈసీఈ:
కమ్యూనిటీ రేడియోకు వారానికి పావుగంట సైన్స్ ప్రోగ్రాం చెయ్యాలనుకుంటున్న. వినేటోళ్లు సర్కారు బడిల ఎనిమిది నుంచి పది దాక చదివే ఆడపిల్లలు. స్క్రిప్టు ఎంత పొడుగుండాలె? మైకు ఏది? ఎవరిని మాట్లాడించాలె? ఇంజనీరు కొలువు ఇడిసి ఇదే పనిగ పెట్టుకుంటే నడుస్తదా? మొదటి ఎపిసోడు నీడ లేని రోజు మీద, అంటె సూర్యుడు సక్కగ నెత్తి మీదికొచ్చి నిటారు కర్రకు నీడ పడని రోజు.

సౌండుపెట్టె:
మైకు కంటె ముందు గది చూసుకోవాలె అక్కా. ఫ్యాను బందు, ఫ్రిజ్ బందు, గోడలకు రెండు బొంతలు. మామూలు డైనమిక్ మైకు చాలు. కండెన్సర్ కొంటే పక్కింటి కుక్కర్ విజిల్ గూడ రికార్డయితది. నోటికి నాలుగు వేళ్ల దూరం, ఎదురుంగ గాకుండ కొంచెం పక్కకు పెట్టుండ్రి, లేకుంటే ప, భ అన్నప్పుడల్ల దబ్బుమంటది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడుపుండ్రి, గుయ్యిమనే 50 హెర్ట్జ్ మోత చానసార్లు అక్కడి నుంచే వస్తది. పీక్, అంటె రికార్డింగుల అన్నిటికంటె పెద్ద చప్పుడు, మైనస్ 6 డెసిబెల్స్ దాటొద్దు, 80 హెర్ట్జ్ కింది చప్పుడు కోసెయ్యాలె. మొదలు పది సెకన్లు ఖాళీ గది చప్పుడు తీసుకోండ్రి, ఎడిటింగుల అతుకులు కప్పనీకి అదే దిక్కు. నిమిషానికి తొంభై, వంద మాటలు. పన్నెండు వందలు రాస్తే పావుగంటకు సరి, మిగిలింది ట్యూనుకు, ఊపిరికి.

లెక్కల_టీచరమ్మ:
నల్లగొండకు నీడ లేని రోజు ఏడాదికి రెండుసార్లు వస్తది: మే 8, ఆగస్టు 4 అటు ఇటుగ. మేల బడులుండవు. ఆగస్టు పెట్టుకో చెల్లె.

పాలమూరు_గట్టు:
ఆగస్టుల మబ్బు తప్ప ఎండేడిది మేడం? మేలనే పెట్టాలె. పిల్లలు ఇంటికాడుంటరు, రేడియో వినేది ఇంట్లనే. పగటాల పన్నెండు కొట్టంగనే కర్ర పాతి చూడమంటే అయిపాయె.

లెక్కల_టీచరమ్మ:
పన్నెండు కొట్టంగనే చూస్తే నీడ ఉంటది. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, నల్లగొండ 79.3 కాడ ఉంది. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన 13 నిమిషాలు వెనుక. సమయ సమీకరణం, అంటె సూర్యుని సమయానికి గడియారానికి ఏడాది పొడుగున మారే తేడా, అది గూడ సరిచేస్తే మేల 12:09, ఆగస్టుల 12:19. మీ మహబూబ్‌నగర్‌కు ఇంకో 5 నిమిషాలు కలుపుకోండ్రి.

పాలమూరు_గట్టు:
గా కొన్ని నిమిషాలకు ఏం మునుగుతది? సమయ సమీకరణం అని బెదిరిచ్చుడే మీ లెక్కల టీచర్ల పని. ఆడపిల్లలు ఎంపీసీ అంటే జడిసేది ఇందుకే.

లెక్కల_టీచరమ్మ:
ఆ మాట వెనక్కి తీసుకోండ్రి. పిల్లలు లెక్కకు జడవరు. "నీకెందుకు బిడ్డా ఎంపీసీ" అనే ఇంటోళ్ల మాటకు జడుస్తరు. ఆగస్టుల పగటాల 12 గంటలకు చూస్తే సూర్యుడు ఇంక నాలుగున్నర డిగ్రీలు వంగి ఉంటడు, మీటరు కర్రకు 8 సెంటీమీటర్ల నీడ పడ్తది. "రేడియోల అబద్ధం చెప్పిండ్రు" అని రెండో వారం ఎవ్వరు వినరు. ఇగ మబ్బు సంగతి: ఒక రోజు అటు ఇటయితే నీడ అర సెంటీమీటరు గూడ రాదు. ఆగస్టు 2 నుంచి 6 దాక ఏ రోజు ఎండొస్తే ఆ రోజే.

డిష్_యాంటెన్నా:
అందరు రేడియో రేడియో అంటున్నరు. పాలమూరు జిల్లా పల్లెలకు 1975 ఆగస్టుల్నే శాటిలైటు టీవీ వచ్చింది, ఎందరికి తెలుసు? సైట్ ప్రయోగం. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 శాటిలైటు, 860 మెగాహెర్ట్జ్, 3 మీటర్ల కోళ్ల జాలీ డిష్షు, ఈసీఐఎల్ సెట్లు. ఒకే బొమ్మకు రెండు ఆడియోలు, ఒకటి తెలుగు, ఒకటి కన్నడ. ఏడాది నడిచి 1976 జులై 31న బందయింది. బ్రాడ్‌కాస్ట్ ఇంజనీరింగు నన్నడగాలె, ఈడ ఇంకెవరికి ఇంత తెల్వదు.

సౌండుపెట్టె:
అడిగిందెవరన్నా?

మూసీ_ఒడ్డు:
ప్రతి ప్రోగ్రాంల చంద్రయాన్ మేడమ్‌లేనా? ఎ. లలిత గురించి చెప్పుండ్రి. తెలుగింటి బిడ్డ, పద్దెనిమిదేండ్లకే భర్త పోయిండు, చేతిల చంటిపిల్ల. 1943ల గిండీ కాలేజీల ఎలక్ట్రికల్ పట్టా. దాంట్ల 'అతడు' అని అచ్చయి ఉంటే కొట్టేసి 'ఆమె' అని దిద్దిండ్రు. 1964ల న్యూయార్క్‌కు మహిళా ఇంజనీర్ల సదస్సుకు పోయింది. అతిథులకైతే దగ్గర్ల సబ్‌స్టేషన్ ఏఈ, నీళ్ల ల్యాబు కెమిస్టు చాలు. "చిన్నప్పటి కల ఏంది" అని అడుగకుండ్రి, గాలి కబుర్లొస్తయి. "డ్యూటీకి పోంగనే ముందు ఏ మీటరు చూస్తరు" అని అడుగుండ్రి.

మర్రిగూడ_నీళ్లు:
నల్లగొండల ఉండి ఫ్లోరైడు ఇడిసిపెట్టి నీడలేంది? కాగబెడితే పోతదని ఇంక నమ్మేటోళ్లున్నరు. కాగబెడితే నీళ్లు ఆవిరై గాఢత పెరుగుతది. ఫ్లోరైడు తీసెయ్యనీకి మన నల్లగొండ పేరుతోనే పద్ధతుంది: పటిక, దాంట్ల ఇరవయ్యో వంతు సున్నం, కొంచెం బ్లీచింగు, మెల్లగ పది నిమిషాలు కలిపి గంట తేరనియ్యాలె. పటిక ఎంతన్నది ఫ్లోరైడు, క్షారత రెండు చూసినంకనే తేలుతది. అందాజుగ ఏస్తే నీళ్లల్ల అల్యూమినియం మిగుల్తది. కాబట్టి కొలతలు రేడియోల చదువొద్దు, నీళ్ల పరీక్ష ఎట్ల చేపియ్యాల్నో చెప్పుండ్రి. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు.

కృష్ణపట్టె_ఈసీఈ:
కొలువు సంగతి ఎవ్వరు చెప్పలే.

మూసీ_ఒడ్డు:
ఇడువకుండ్రి. కమ్యూనిటీ రేడియో లైసెన్సు మనుషులకియ్యరు, విద్యాసంస్థలకు, సేవా సంఘాలకు, కేవీకేలకే (కృషి విజ్ఞాన కేంద్రాలు). 50 వాట్ల ట్రాన్స్‌మిటరు పది, పదిహేను కిలోమీటర్లు పోతది, దాని ప్రకటనలతోని జీతమెళ్లదు. నెలకో ఆదివారం నాలుగు ఎపిసోడ్లు ఒక్కసారే రికార్డు చేసుకోండ్రి.

పాలమూరు_గట్టు:
మేడం, కర్ర నిటారుగ ఉందో లేదో రేడియోల ఎట్ల చూపిస్తరు?

లెక్కల_టీచరమ్మ:
దారానికి రాయి కట్టి ఏలాడదీయమంటం. దారం నీడ రాయి నీడల కలిసిపోతే అదే సమయం. కర్రే అక్కర్లేదు.

పాలమూరు_గట్టు:
ఇది ముందే చెప్తే అయిపోవు గదా.