కె, ఎన్‌లతో మొదలయ్యే ఇంగ్లీషు మాటలు: పలకని కె ఎందుకు రాయాలి?

ప్రశ్న (ఒక తల్లి, గుంటూరు)

మా అమ్మాయి ఆరవ తరగతి చదువుతోంది. కె, ఎన్ అక్షరాలతో మొదలయ్యే ఇంగ్లీషు మాటలను అర్థాలతో సహా రాసుకొని రమ్మని బడిలో చెప్పారు. నైఫ్ అంటే కత్తి, నీ అంటే మోకాలు, నాక్ అంటే తలుపు తట్టడం, ఇలా కొన్ని రాయించాను. అయితే విని రాసేటప్పుడు ఆ కె తరచూ జారిపోతోంది. రాత్రి అనే అర్థంలోని నైట్‌కూ, గుర్రమెక్కి యుద్ధం చేసే వీరుడనే అర్థంలోని నైట్‌కూ ఉచ్చారణలో తేడా లేనప్పుడు ఒకదానికే కె ఎందుకని అది అడుగుతోంది. వీటన్నిటినీ కలిపే సూత్రమేదైనా ఉందా, లేక బట్టీ పట్టవలసిందేనా?

జవాబు 1 (విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు, రాజమహేంద్రవరం)

అమ్మా, ఆ కె ఒకప్పుడు నోటితో పలికినదే. ప్రాచీన ఆంగ్లంలో ఈ మాటలన్నిటినీ సి, ఎన్‌లతో రాసి, మొదటి క ధ్వనిని స్పష్టంగా పలికేవారు. ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాతి కాలంలో లేఖకులు ఆ సి స్థానంలో కె రాయసాగారు. విలియం కాక్స్టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టేనాటికి కూడా జనం క ధ్వనిని వదలలేదు కనుక అచ్చుపుస్తకాలలో కె అలాగే నిలిచిపోయింది. 17వ శతాబ్దంలో ఆ ధ్వని నోటి నుంచి తప్పుకున్నా, అప్పటికే స్థిరపడిన రాత మారలేదు. జర్మన్లు మోకాలిని ఇప్పటికీ క్నీ అనే అంటారు.

రాత్రి అనే నైట్‌కు ఏనాడూ క ధ్వని లేదు. వీరుడనే నైట్‌కు ఉంది. పైగా ఆ మాటకు తొలి అర్థం కుర్రవాడు, సేవకుడు. నేవ్ అనే మాటకు కూడా మొదట కుర్రవాడనే అర్థం. ఒకటి రాజాస్థానపు గౌరవానికి ఎక్కింది, రెండవది మోసగాడనే అర్థానికి దిగజారింది. పేకలో మనం జాకీ అనే ముక్కకు పాత ఇంగ్లీషు పేరు ఈ నేవే.

జవాబు 2 (ఒక పాఠకురాలు, వరంగల్)

మాస్టారు చెప్పిన చరిత్రకు తోడుగా, అర్థాలను బట్టి గుంపులు కట్టడం పిల్లలకు మేలు చేస్తుంది. నాట్ అంటే ముడి, నాబ్ అంటే తలుపు గుబ్బ, నకిల్ అంటే వేలి కణుపు, నోల్ అంటే చిన్న దిబ్బ. ఉబ్బెత్తుగా, గుండ్రంగా ఉండేవే ఇందులో ఎక్కువ. అల్లడమనే అర్థం గల నిట్ ముడి అనే నాట్‌కు చుట్టమే, ఎందుకంటే దాని పాత అర్థం ముడివేయడం. పిండి పిసకడాన్ని నీడ్ అంటారు, మోకరిల్లడాన్ని నీల్ అంటారు. రెండవది మోకాలి నుంచే పుట్టింది. నేర్పు అనే అర్థం గల న్యాక్, చావుగంట అనే అర్థం గల నెల్ మాత్రం విడిగా నేర్వవలసినవే.

జవాబు 3 (సంస్కృత విద్యార్థి, తిరుపతి)

ఈ జాబితాలో రెండు మాటలు మనకు దగ్గరి చుట్టాలని ఎవరూ ప్రస్తావించలేదు. ఆజానుబాహుడు అన్నప్పటి జాను, ఇంగ్లీషు నీ ఒకే మూలం నుంచి వచ్చినవి. జ్ఞానంలోని జ్ఞా ధాతువూ, తెలుసుకోవడమనే అర్థం గల నో అనే మాటా అంతే. సంస్కృతంలో జ ఉన్నచోట లాటిన్, గ్రీకు భాషలలో గ, జర్మన్, ఇంగ్లీషు వంటి భాషలలో క రావడం ఒక క్రమం; ఈ ధ్వని మార్పులను జర్మన్ భాషావేత్త యాకోబ్ గ్రిమ్ 1822లో సూత్రబద్ధం చేశాడు. మన జన శబ్దానికి లాటిన్‌లో గెనుస్, ఇంగ్లీషులో బంధువర్గమనే అర్థం గల కిన్ సాటి. కిన్‌లో క ఇంకా వినిపిస్తోంది, నీలోనూ నోలోనూ రాతకే పరిమితమైంది. జ్ఞలో రెండు హల్లులు ఉన్నాయని తెలిసిన పిల్ల, నో రాసేటప్పుడు కె మరచిపోవడం కష్టం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. జ్ఞానం సంగతి చెప్పగానే మా అమ్మాయి కత్తికి కూడా సంస్కృతంలో చుట్టం వెతకమంటోంది.

జవాబు 4 (ఆంగ్లోపాధ్యాయురాలు, ఖమ్మం)

దయచేసి వెతకనివ్వకండి. నైఫ్ అనే మాటను ఇంగ్లీషువారు స్కాండినేవియా భాష నుంచి తెచ్చుకున్నారు. ప్రతి మాటకూ సంస్కృత బంధుత్వం కట్టబోతే చదువు కాస్తా పొడుపుకథగా మారుతుంది. ఇజ్రాయెల్ పార్లమెంటు పేరు క్నెసెట్‌లో కె పలుకుతుందని కూడా ఒక మాట చెప్పి ఉంచండి, ఎందుకంటే అది ఈ మధ్యకాలంలో హీబ్రూ నుంచి వచ్చిన పేరు. అలాగే ఒప్పుకోవడమనే అర్థం గల అక్నాలెడ్జ్‌లో క ధ్వని పదం మధ్యలో ఉండి బతికిపోయింది.

నా అనుభవంలో తప్పులు ఎక్కువగా దొర్లేది జంటల దగ్గరే: తెలుసుకోవడమనే నో, కాదనే నో, ముడి అనే నాట్, లేదనే నాట్, పిండి పిసికే నీడ్, అవసరమనే నీడ్, తెలిసిందనే న్యూ, కొత్త అనే న్యూ. రెండూ ఒకే వాక్యంలో వచ్చేలా మీరు చదివి వినిపించి రాయించండి. అర్థం గ్రహించనిదే కె ఎక్కడ పెట్టాలో తేలదు కనుక, స్పెల్లింగుతో పాటు అర్థాన్ని కూడా పరీక్షించినట్లవుతుంది.