అమ్మగారి జన్యు పరీక్ష ఫలితం ఆమెకు చెప్పాలా?

ప్రశ్న:
మా అమ్మగారికి 71 ఏళ్లు. వాళ్ల అక్కగారు డిమెన్షియాతో (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా తగ్గిపోయే జబ్బు) పడిన అవస్థ చూసి, తనకూ వస్తుందేమోనన్న బెంగతో ఆమె స్వయంగా జన్యు పరీక్ష చేయించుకున్నారు. నివేదిక నా ఫోనుకు వచ్చింది. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్ ముప్పును పెంచే ఏపీఓఈ4 అనే జన్యురూపం ఒక ప్రతి (తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినది) ఉన్నట్లు అందులో తేలింది. ఆమె రెండుసార్లు అడిగితే, ‘ఇంకా రాలేదమ్మా’ అని దాటవేశాను. ఇంటి లెక్కలన్నీ ఇప్పటికీ నోటితోనే కట్టే మనిషికి ఈ మాట చెప్పి కొత్త దిగులు పెట్టడం సబబేనా?

సమాధానం 1:
ఆ నివేదిక ఆమెదండీ, మీది కాదు. ఒక ప్రతి ఉంటే అల్జీమర్స్ ముప్పు సుమారు రెండు మూడు రెట్లు పెరిగే మాట నిజమే కానీ, అది రోగ నిర్ధారణ కాదు. ఆ ప్రతి ఉన్నా జబ్బు రానివారు, లేకపోయినా వచ్చినవారు ఎందరో ఉన్నారు. ‘రెట్లు’ అనగానే గుండె జారుతుంది కనుక, ఆమె వయసువారిలో నూటికి ఎందరికి వస్తుందో డాక్టరు చేతనే చెప్పించండి. తల్లి గానీ తండ్రి గానీ అల్జీమర్స్ బారిన పడిన 162 మందిపై అమెరికాలో జరిపి 2009లో ప్రచురించిన పరిశీలనలో, ఫలితం తెలిసినవారికీ తెలియనివారికీ ఏడాది కాలంలో ఆందోళన, కుంగుబాటు విషయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే వారికి ముందుగా కౌన్సెలింగ్ ఇచ్చారన్నది మరచిపోకూడదు.

సమాధానం 2:
పై మాటతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక. ఈ జన్యురూపం తమకు ఉందని తెలిసిన పెద్దవారు, ఉన్నా ఆ సంగతి తెలియనివారికంటే జ్ఞాపకశక్తి పరీక్షలో వెనుకబడ్డారని 2014లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. అందుకే, చెప్పాక ఆమె కళ్లజోడు వెతుక్కున్న ప్రతిసారీ మీరు ముఖం చిన్నబుచ్చుకోకండి. పరీక్ష చేయించుకున్నాక మనసు మార్చుకునే హక్కు కూడా ఆమెకు ఉంది: 2007లో తన జన్యుక్రమాన్నంతా బయటపెట్టిన జేమ్స్ వాట్సన్ (డీఎన్ఏ నిర్మాణాన్ని కనుగొన్న శాస్త్రవేత్తల్లో ఒకరు), ఈ ఒక్క జన్యువు సంగతి మాత్రం తనకు చెప్పవద్దన్నారు.

సమాధానం 3:
చెప్పేటప్పుడు చేయగలిగిందీ చెప్పండి. మార్చుకోదగిన 14 కారణాలను సరిదిద్దితే, ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియా కేసులను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యం కావచ్చని లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల కమిషన్ 2024లో అంచనా వేసింది. వినికిడి లోపం, రక్తపోటు, మధుమేహం, చూపు మందగించడం, ఒంటరితనం వాటిలోనివే.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఆ ప్రతి నాకూ వచ్చి ఉండే అవకాశం సగానికి సగం కనుక, నేను దాటవేయడంలో నా భయం కూడా కొంత ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నివేదిక వచ్చిందని ఈ రాత్రే చెప్పి, వినాలని ఉందో లేదో ఆమెనే అడుగుతాను. ఈమధ్య టీవీ శబ్దం బాగా పెంచుకుంటున్నారు. ఆమె ఏమన్నా, చెవుల పరీక్షకు మాత్రం తీసుకువెళ్తాను.