చర్చ: 30 ఏళ్లు దాటిన అపార్టుమెంట్లకు, దుకాణ సముదాయాలకు తప్పనిసరి తనిఖీ ఉండాలా?

కాకినాడ ఇంజనీరు:
ఉండాలి. కాకినాడ నుంచి నరసాపురం దాకా మనది ఉప్పుగాలి. చాలాచోట్ల బోరునీరూ ఉప్పే, ఆ నీటితోనే కాంక్రీటు కలిపిన కట్టడాలున్నాయి. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటును లోపలినుంచి చీలుస్తుంది. పెచ్చులూడిన చోట సిమెంటు పూసి రంగు వేస్తే ఆ తుప్పు ఆగదు. ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో 2021 జూన్ 24న సముద్రం ఒడ్డునున్న అపార్టుమెంటు కూలి 98 మంది చనిపోయారు. మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం పాత అపార్టుమెంట్లకు తనిఖీ తప్పనిసరి చేసింది. మనమూ శవాలు లేచేదాకా ఆగాలా?

పాలకొల్లు వర్తకుడు:
తనిఖీకి ఎవరు వస్తారో ముందు అది చెప్పండి. మా దుకాణానికి ఒకాయన వచ్చి, మెట్ల దగ్గర నిలబడి పైకి చూసి నోటీసు రాశారు. స్తంభాన్ని చేత్తోనైనా తాకలేదు.

కాకినాడ ఇంజనీరు:
దాన్ని తనిఖీ అనరు. రీబౌండ్ హ్యామర్‌తో కాంక్రీటు గట్టిదనం అంచనా వేయాలి, అల్ట్రాసోనిక్ పరీక్షతో లోపలి పగుళ్లు వెతకాలి.

పాలకొల్లు వర్తకుడు:
పరీక్షల పేర్లు అడగలేదు. ఎవరు వస్తారని అడిగాను.

భీమవరం ఫ్లాటు:
మా దగ్గర లిఫ్టు బాగుచేయించడానికే డబ్బులు రావడం లేదు.

అమలాపురం పై అంతస్తు:
వాన పడితే మా స్లాబు కారుతుంది. డాబా అందరిదీ, మరమ్మతు మాత్రం మాదట! కింది వాళ్లు రూపాయి తీయరు. చట్టం వస్తేనే కదులుతారు.

కాకినాడ ఇంజనీరు:
వర్తకుడు గారూ, మీరు అద్దెకున్నవారే కదా, ఖర్చు యజమానిది. మీ దుకాణం కోసం పైన నిద్రపోయే పిల్లల ప్రాణాలు పణంగా పెట్టాలా?

పాలకొల్లు వర్తకుడు:
పిల్లల పేరెత్తి నా నోరు మూయకండి! ఆ నోటీసు వచ్చిన నెలలోనే మా యజమాని బిల్డరును తెచ్చి స్థలం కొలిపించాడు. భవనం పనికిరాదని కాగితం పుడితే మా నాన్న పెట్టిన బట్టల కొట్టు రోడ్డున పడుతుంది. కొత్తది కట్టాక పాత అద్దెదారుకు చోటిస్తారని మీ చట్టంలో రాయిస్తారా?

కాకినాడ ఇంజనీరు:
అడగవలసిన హక్కే. కానీ అది తేలేదాకా తనిఖీ ఆపమంటే ఒప్పుకోను.

అమలాపురం పై అంతస్తు:
నేనూ ఒప్పుకోను.

పాలకొల్లు వర్తకుడు:
అయితే రెండూ ఒకే చట్టంలో పెట్టించండి. అప్పటిదాకా ఏ కాగితం మీదా నా సంతకం ఉండదు.