హాల్‌స్టాట్‌కు వెళ్లేవారి సంఖ్యకు హద్దు పెట్టాలా?

గట్టుమీది గువ్వ:
ఆస్ట్రియా కొండల్లోని హాల్‌స్టాట్ జనాభా ఎనిమిది వందల లోపే. రద్దీ రోజుల్లో పదివేల మంది దాకా వచ్చిపడుతున్నారు. 2023 ఆగస్టులో ఊరివాళ్లు సొరంగ రహదారికి అడ్డంగా నిలబడి, రోజుకు ఇంతమందే రావాలని హద్దు పెట్టమన్నారు. నాకిది నచ్చలేదు. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు సంబరపడి, ఇప్పుడు రావద్దంటే ఎలా? సందర్శకుల డబ్బు మాత్రం చేదు కాదు కదా!

ఉప్పురాయి:
గువ్వ గారూ, ఆ డబ్బు అందరి ఇంటికీ చేరుతోందని ఎవరు చెప్పారు? బస్సు దిగి, నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్లిపోయేవారి వల్ల ఊరికి మిగిలేది ఎంత? అసలు ఆ ఫొటోలో కనిపించేది వారసత్వంలో ఓ అంచు మాత్రమే. అక్కడ కంచు యుగం నుంచీ ఉప్పు తవ్వుతున్నారు, నేటికీ గని నడుస్తోంది. 1846 నుంచి రామ్‌సావర్ అనే గని అధికారి కొండ మీద దాదాపు వెయ్యి సమాధులు తవ్వి, దొరికినవాటికి రంగుల బొమ్మలు వేయించి పెట్టాడు. మధ్య ఐరోపా తొలి ఇనుప యుగానికి ఈ ఊరి పేరే స్థిరపడింది. సరస్సుకూ కొండకూ నడుమ ఇరుక్కున్న ఊరు కావడంతో శ్మశానంలోనూ చోటు చాలలేదు. పాత సమాధులు తెరిచి, పుర్రెలను ఎండబెట్టి, పేరు రాసి, పూలదండలు చిత్రించి ఎముకల గదిలో వరుసగా పేర్చారు. అలా రంగులద్దినవి ఆరువందలకు పైగా ఉన్నాయి. చివరిదాన్ని 1995లో పెట్టారు. ఇదంతా అక్కడ కాపురముండేవారి ఆచారం. ఇళ్లన్నీ అద్దె గదులైపోతే దాన్ని ఎవరు నిలుపుతారు? నా ఓటు హద్దుకే.

చలివేంద్రం:
ఫొటోలే కావలసినవారికి చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఇదే ఊరి నకలు 2012లోనే తెరిచారు. అక్కడికి పొమ్మనవచ్చు!

గట్టుమీది గువ్వ:
వెక్కిరింపు బాగుంది కానీ, జీవితంలో ఒక్కసారి ఐరోపా చూసే మధ్యతరగతి మనిషికి ఆ ఒక్క పూటే దక్కుతుంది. గుంపు టూరులో వెళ్లేవాడు రాత్రి బస ఎంచుకోలేడు. మీ హద్దు వల్ల ముందుగా బయట ఉండిపోయేది వాడే. వెనిస్ 2024లో పగటి సందర్శకులకు అయిదు యూరోల రుసుము పెట్టింది. ఉన్నవాడికి అదొక లెక్కా?

ఉప్పురాయి:
రుసుము నేనూ అడగడం లేదు. ముందుగా పేరు నమోదు చేసుకునే పద్ధతి చాలు. హాల్‌స్టాట్‌కు 2020 నుంచి బస్సులు సమయం నమోదు చేసుకునే రావాలి. లోపమల్లా, బస్సులను లెక్కపెడితే మనుషులను లెక్కపెట్టినట్టు కాకపోవడమే. ఫొటోల జనాన్ని ఆపాలని 2023లో చెక్క కంచె కూడా కట్టారు. విమర్శలు రాగానే తీసేశారు. అలాంటి చిల్లర ఉపాయాలతో లాభం లేదు.

చలివేంద్రం:
సరే, అమలు చేసేదెలా? రైలు స్టేషన్ సరస్సుకు అవతల ఒడ్డున ఉంది. అక్కడినుంచి పడవలో రావాలి కాబట్టి, వారిని పడవ రేవులోనే లెక్కపెట్టవచ్చు. కార్ల సంగతే తేలడం లేదు. రహదారి పక్క ఊళ్లకూ దారి. దాన్ని మూస్తే పొరుగువారు ఊరుకుంటారా? దీనికి జవాబు చెప్పండి, అప్పుడు నేనూ మీ పక్షమే.